వ్యాపారం మారిన ఇళ్లు: మోటుపల్లి రేవు నుంచి సూర్యలంక దాకా

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు అది. మామూలు రోజుల్లో అయితే తెనాలిలోనో బాపట్లలోనో ఆ బోర్డు దింపుతుంటే నలుగురూ ఆగి చూసేవారు, పాత ఖాతాదార్లు నాలుగు మాటలు అనేవారు. అప్పటికి లాక్‌డౌన్ వచ్చి వారం. బజారులో చూసే మనిషి లేడు. సిండికేట్ బ్యాంకు కూడా ఆ రోజే కెనరాలో కలిసింది. ఒకే వీధిలో ఉన్న రెండు శాఖలు ఒకే బ్యాంకువి అయిపోతే రెండు ఇళ్లకు అద్దె ఎందుకన్న ప్రశ్న ఆ తర్వాత నెమ్మదిగా వచ్చింది. బ్యాంకుకు ఇల్లు అద్దెకిస్తే ఇక గవర్నమెంటు ఉద్యోగం వచ్చినట్టేనని నమ్మిన ఇంటివాళ్లు మన ఊళ్లలో కొల్లలు. వాళ్లు ఆ నమ్మకాన్ని సవరించుకోవాల్సి వచ్చింది.

కరోనా వచ్చి బజార్లను తలకిందులు చేసిందని ఎవరిని అడిగినా చెబుతారు. అందులో సగమే నిజం. బ్యాంకుల విలీనాన్ని 2019 ఆగస్టులోనే ప్రకటించారు. ఫోన్లో డబ్బు పంపడం 2016 నోట్ల రద్దు నాడే ఊపందుకుంది. సినిమా హాళ్ల కష్టాలు అంతకన్నా పాతవి. పదేళ్లలో నింపాదిగా జరగాల్సినదాన్ని ఆ జబ్బు రెండేళ్లలో జరిపించింది. పైగా చినగంజాం నుంచి కృష్ణ సముద్రంలో కలిసేదాకా ఉన్న ఈ ఇసుక తీరానికీ, దాని వెనకున్న డెల్టా ఊళ్లకూ వ్యాపారం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవడం కొత్తేమీ కాదు. ఎప్పుడెప్పుడు వెళ్లింది, వెనక ఏ గోడలు మిగిలాయి, వాటిలో మళ్లీ ఎవరు దీపం పెట్టారు అన్నది ఒకసారి చూసుకుంటే, బాపట్ల దగ్గరి సూర్యలంక ఒడ్డున ఇప్పుడు లేస్తున్న కట్టడాల గురించి కాస్త ధైర్యంగా మాట్లాడవచ్చు.

మొదట ఖాళీ అయింది మోటుపల్లి. ఇవాళ బాపట్ల జిల్లాలో వీరభద్రస్వామి గుడి ఉన్న చిన్న పల్లె. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం తెలుగునాట వ్యాపార చరిత్ర రాసేవాళ్లెవరూ వదలని రాయి. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప మరేదీ తీసుకోనని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పైకి ఒకటి. పదమూడో శతాబ్ది చివర మార్కోపోలో ముత్ఫిలి అని రాసింది ఈ రేవు పేరునే. వజ్రాలనూ సన్నని బట్టలనూ మెచ్చుకున్నాడు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి ఇదే రేవుకు మళ్లీ రాయితీలు ప్రకటిస్తూ సంస్కృతం, తెలుగు, తమిళం మూడింటిలోనూ శాసనం వేయించాడు. వర్తకుడు ఇంకెటో చూస్తున్నాడని అనుమానం వస్తే తప్ప రాజులు ఇన్ని భాషల్లో రాయితీలు చెక్కించరు. పెట్టుబడుల సదస్సులు పెట్టే మన కాలపు ప్రభుత్వాలకు ఆ తొందర బాగా తెలుసు. చివరికి రాళ్లు మిగిలాయి, రేవు పోయింది.

తర్వాత నిజాంపట్నం వంతు. డచ్చివాళ్లు 1606లోనే ఇక్కడ కొట్టు పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం వెళ్తూ ముందు ఇక్కడే ఆగింది. కోరమండల్ తీరంలో ఈస్టిండియా కంపెనీ మొదట వ్యాపారం మొదలుపెట్టింది అప్పట్లో పెద్దపల్లి అనే ఈ రేవులోనే. వాళ్ల కాగితాల్లో అది పెటపోలి. చిరువేరు రంగు అద్దకం బట్టల కోసం వచ్చారు. గిడ్డంగి ఎత్తేశారు, మళ్లీ పెట్టారు, పదిహేడో శతాబ్దం పూర్తి కాకముందే మూటాముల్లె సర్దుకుపోయారు. పెద్ద వ్యాపారం పోయినా నిజాంపట్నం చావలేదు. పడవలూ వలలూ ఉన్నాయి గనక చేపల రేవుగా బతికింది. 2020 నవంబరులో, కోవిడ్ నడుస్తుండగానే, రాష్ట్ర ప్రభుత్వం శంకుస్థాపన చేసిన నాలుగు ఫిషింగ్ హార్బర్ల పనుల్లో నిజాంపట్నం ఒకటి. ఒక్క సముద్ర వర్తకాన్నే నమ్ముకున్న మోటుపల్లికీ, పక్కన ఇంకో బతుకుదెరువున్న నిజాంపట్నానికీ ఉన్న తేడా ఈ వ్యాసం పొడుగునా కనిపిస్తూనే ఉంటుంది.

రేపల్లె దారిలో భట్టిప్రోలు ఉంది. క్రీస్తుకు పూర్వపు బౌద్ధ స్తూపం, అలెగ్జాండర్ రే 1892లో తవ్వి తీసిన ధాతు పేటికలు, వాటి మీది అక్షరాలు అందరికీ తెలిసినవే. అంతకుముందే ఆ స్తూపపు పాలరాళ్లనూ ఇటుకలనూ పంతొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లు రోడ్డుకూ వెల్లటూరు దగ్గర కాలువ పనికీ వాడేశారు. మహాపరాధం, సందేహం లేదు. అయితే పాత కట్టడం కొత్త పనికి రావడంలో మన వాళ్లకు మొదటినుంచీ మొహమాటం లేదన్న సంగతి కూడా అందులోనే ఉంది.

డెల్టా వ్యాపారం పుట్టింది ఒక మహా విపత్తు వెనకాలే. 1832–33 నందన నామ సంవత్సరపు కరువును గుంటూరు సీమ డొక్కల కరువు అని పిలుచుకుంది. జిల్లాలో ఐదు లక్షల జనం ఉంటే దాదాపు రెండు లక్షల మంది పోయారని అప్పటి లెక్క. శిస్తు కట్టేవాడే లేకుండా పోయాక కంపెనీకి నీళ్లు గుర్తొచ్చాయి. ఆర్థర్ కాటన్ సలహా మీద కెప్టెన్ చార్లెస్ ఓర్ 1852లో బెజవాడ దగ్గర మొదలుపెట్టిన ఆనకట్ట 1855కు పూర్తయింది. కాలువలు పొలానికి నీళ్లిచ్చాయి, వర్తకుడికి దారి ఇచ్చాయి. దుగ్గిరాల లాకుల నుంచి కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు. బియ్యం బస్తాలు అటు, ఉప్పూ కలపా ఇటు. గిడ్డంగులు కాలువ గట్టున లేచాయి. పడవ సరంగు ఎక్కడ ఆగితే అక్కడ పూటకూళ్ల ఇల్లు వెలిసింది.

ఆ గట్టు వైభవం యాభై ఏళ్లు కూడా నిలవలేదు. 1899కల్లా బెజవాడ, మద్రాసు రైలుదారి కలిసి తెనాలి, బాపట్ల, చీరాల ఒకే పట్టా మీదికి వచ్చాయి. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు శాఖ పడింది. కాలువ గట్టు గిడ్డంగి అద్దె తగ్గింది, స్టేషను ఎదుట గది అద్దె పెరిగింది. ఒకచోట టు లెట్ బోర్డు వేలాడితే ఇంకోచోట మేస్త్రీకి తీరిక లేదు. పాత గిడ్డంగులు వడ్ల మిల్లులయ్యాయి, కొన్ని కలప అడితీలయ్యాయి.

తెనాలి ఆ రైలు పెంచిన ఊరు. ఆంధ్రా ప్యారిస్ అన్న బిరుదు కాలువల వల్ల వచ్చిందంటారు కొందరు, సోకుల వల్ల అంటారు ఇంకొందరు. నా లెక్కలో హోటళ్లను కూడా కలపాలి. నాటకాల కంపెనీలు, పత్రికలవాళ్లు, రాజకీయ కార్యకర్తలు, పసుపు బేరగాళ్లు అందరూ అర కప్పు కాఫీ మీద గంటలు గడిపింది అక్కడే. పుదుక్కోట నుంచి వచ్చి ఆ హోటళ్లలో సర్వరుగా పనిచేస్తూ శారద అన్న పేరుతో ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ రాసిన ఎస్. నటరాజన్ 1955లో తెనాలిలోనే చనిపోయాడు. ఆ ఊరి బజారు బతుకు చూడాలంటే గెజిటీరు కన్నా ఆయన్ని చదవడం మేలు. అలాంటి బజారులో ఇల్లు కట్టే తీరు కూడా వేరు: ముందు కొట్టు, వెనక సరుకు గది, మేడ మీద కాపురం, వీధివైపు అరుగు. బట్టల కొట్టు పోతే మందుల షాపు వస్తుంది, అది పోతే ట్యూషన్లు. ఇంటి గోడ కదపనక్కర్లేదు. ఈ మామూలు ఇంటిని మన పట్టణ ప్రణాళికలు ఎప్పుడూ చిన్నచూపు చూశాయి.

ఇక ఈ తీరంలో ఊరు ఊరంతా ఖాళీ అయిన కథ. 1918 ఫ్లూ దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. దాని వెనకే ధరలు మండాయి. సరిగ్గా ఆ రోజుల్లో, 1919లో, చీరాల పేరాలలను మున్సిపాలిటీ చేశారు. ఊరికి ఒరిగిన సౌకర్యం కనబడలేదు, పన్ను మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. చేనేత మగ్గాల ఊరు, చిన్న వర్తకుల ఊరు, ఎక్కణ్ణుంచి కడతారు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నిలిచాడు. 1921 ఏప్రిల్లో గాంధీ వచ్చి వెళ్లాక, జనం ఇళ్లకు తాళాలు వేసి మున్సిపల్ హద్దు దాటి రామనగర్ అని పాకలు వేసుకున్నారు. ఎండలూ వానలూ ఓర్చుకుని పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాడు, ఉద్యమం అలిసింది, జనం తిరిగి వచ్చారు. దీన్ని స్వాతంత్ర్య పోరాట ఘట్టంగా చెప్పుకుంటాం, అది న్యాయమే. అద్దెల చరిత్ర రాసేవాడికి మాత్రం ఇంకొకటి కనబడుతుంది. బజారంటే గదులు కాదని, గిరాకీ ఎటు నడిస్తే కొట్టు అటు నడుస్తుందని, గడ్డి పాకలో కూడా వ్యాపారం సాగుతుందని ఈ జిల్లా నూరేళ్ల కిందటే చేసి చూపించింది.

ఆశ్చర్యమేమిటంటే కోవిడ్ నడుమ పన్ను సంగతి మళ్లీ తలెత్తింది. రాష్ట్రంలో 2021 నుంచి పట్టణ ఆస్తిపన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కకట్టడం మొదలుపెట్టారు. ఏడాదికి 15 శాతం మించి పెంచబోమని హద్దు పెట్టారు. దానికి తోడు చెత్త పన్ను. అది 2024 చివరికి గాని రద్దు కాలేదు. ఎవరూ ఊరు ఖాళీ చెయ్యలేదు, సణుక్కుంటూ కట్టారు. కాని ఆ లెక్కలో ఒక చిక్కుంది. అద్దె పడిపోతే అద్దె మీద వేసే పన్ను కూడా ఎంతో కొంత దిగుతుంది. స్థలం విలువ మీద వేసే పన్నుకు కొట్టు తెరిచి ఉందా, షట్టరు దించి ఉందా పట్టదు. సరిగ్గా షట్టర్లు దిగిన ఏడాదే ఆ మార్పు రావడం ఇంటివాళ్ల దురదృష్టం.

1977 నవంబరు 19 తుఫాను గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. దివిసీమను ముంచిన ఆ ఉప్పెన రేపల్లె, బాపట్ల వైపు కూడా ప్రాణాలు తీసింది. బాపట్లలో తలదాచుకున్న చర్చి కూలి జనం పోయారు. తర్వాత తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు వచ్చాయి. వాటిలో చాలావాటిని మామూలు రోజుల్లో బడిగానో సభలకో వాడుకున్నారు. 2020లో బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లను ఆపి ఉంచడానికి పల్లెల్లో బడి గదులే దిక్కయ్యాయి. మన దగ్గర తెలివిగా కట్టిన ప్రభుత్వ భవనాలు ఏవంటే నేను ముందు ఆ షెల్టర్లనే చూపిస్తాను.

తెలివితక్కువ కలలు కూడా ఈ తీరం మీదే కన్నాం. 2008లో వాన్‌పిక్ అన్నారు: వాడరేవు, నిజాంపట్నం రేవులు, వాటి చుట్టూ పారిశ్రామిక వాడ. వేల ఎకరాలు సేకరించారు. కేసులొచ్చాయి, రేవు రాలేదు. 2015 అక్టోబరులో అమరావతి శంకుస్థాపన జరిగాక తెనాలి చుట్టూ స్థలాల ధరలు ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కూలబడ్డాయి. అంటే గుంటూరు సీమలో కట్టడాల మాంద్యం వైరసు కన్నా మూడు నెలలు ముందే మొదలైంది. 2024లో ప్రభుత్వం మారాక, 2025 మేలో ప్రధాని వచ్చి పనులు మళ్లీ ప్రారంభించాక ధరలు తిరిగి లేచాయి. ఈ ఎగుడుదిగుళ్లలో కరోనా పాలు ఎంత, రాజకీయం పాలు ఎంత అని విడదీసి చూడని వ్యాసాలను నమ్మకండి.

అసలు దెబ్బ తగిలిన చోటు చెబుతాను. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ డెల్టా చదువులన్నిటికీ ఆఖరి స్టేషను మాదాపూరే. బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల, 1981లో వచ్చిన ఇంజనీరింగు కళాశాల పిల్లలను పంపాయి. వాళ్లకు అమీర్‌పేటలో, మాదాపూర్లో హాస్టళ్లు నడిపినవాళ్లలోనూ ఇటువైపు వాళ్లు చాలామంది. 2020 మార్చి 25న ఆ హాస్టళ్లు పిల్లలను వెళ్లిపొమ్మన్నాయి. పోలీసులు రాసిచ్చిన పాసులు పట్టుకుని బయల్దేరిన వేలమంది జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయారు. చేరినవాళ్లు తెనాలి, రేపల్లె మేడ గదుల్లో రాత్రంతా అమెరికా వేళలకు పనిచేశారు. ఊరు మళ్లీ జీతం మొహం చూసింది. కూరల బండి దగ్గర, పాల కేంద్రం దగ్గర ఆ జీతం ఖర్చయింది. హైదరాబాదులో అద్దాల మేడల కింద టీ కొట్లు మూతపడింది కూడా ఆ జీతం ఇటు వచ్చినందుకే.

ఇది నిలుస్తుందని చాలామంది అనుకున్నారు. 2025 నాటికి నాలుగో వంతు మందే ఆఫీసులో ఉంటే చాలని 2020లో చెప్పిన టీసీఎస్, 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ రమ్మంది. అదే ఏడాది నవంబరులో అమెరికాలో వీవర్క్ దివాలా పిటిషను వేసింది. న్యూయార్కులో వాటర్ స్ట్రీట్ 25వ నంబరు ఆఫీసు భవనాన్ని 1,300 పైచిలుకు అపార్టుమెంట్లుగా మార్చారు. మన దగ్గర అంత అవసరం రాలేదు. విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకునే గ్లోబల్ సెంటర్లు (జీసీసీలు) హైదరాబాదు మేడల్ని నింపడం మొదలుపెట్టాయి. పిల్లలు తిరిగి రైలెక్కారు. పినాకిని ఎక్కి బెజవాడలో మారినవాళ్లూ, రాత్రి బస్సు పట్టుకున్నవాళ్లూ. మేడ గదిలో కొన్న కుర్చీ, ఇన్వర్టరు మిగిలాయి.

ప్రభుత్వాలు ఆ మేడ గదిని మర్చిపోలేదు. గత ప్రభుత్వం సొంతూరి నుంచి పని చేసుకునే కేంద్రాలన్నది; ఇప్పటి ప్రభుత్వం ఐటీ, జీసీసీ విధానం 4.0 కింద ప్రతి పట్టణంలో, మండలంలో కూడా పనిచేసే చోట్లు కావాలంటోంది. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాన్ని ముఖ్యంగా ఆడపిల్లల ఉపాధితో ముడిపెట్టి చెప్పారు. మాట బాగుంది. అయితే దానికి కొత్త భవనాలు కట్టే అలవాటే భయపెడుతోంది. శాఖ ఎత్తేసిన బ్యాంకు ఇంటికి లాకరు గది, జనరేటరు చోటు, బలమైన కరెంటు లైను అన్నీ ఉంటాయి. పిల్లలు లేని ట్యూషన్ హాలుకు బల్లలున్నాయి. 2020 మార్చిలో మూసిన సినిమా హాళ్లలో మళ్లీ తెరవనివి కల్యాణ మండపాలుగా మారాయి. పెళ్లికి యాభై మందేనన్న ఆంక్ష పోగానే ఆ బేరం గిట్టుబాటయింది. ఎవరూ పథకం రాయకుండానే ఊళ్లు సర్దుకున్నాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి, రేపల్లె అటు వెళ్లి, తెనాలి గుంటూరులో ఉండిపోయినప్పుడు, అద్దె ఇళ్ల కోసం వెతికే కొత్త గిరాకీ కూడా పుట్టింది: ఉద్యోగులు.

ఇప్పుడు సూర్యలంక. తెలంగాణకు సముద్రం లేదు. హైదరాబాదు నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా నడిపితే దొరికే ఒడ్డు ఇది. పర్యాటక సంస్థ హరిత రిసార్టు, వైమానిక దళ కేంద్రం, కార్తీక మాసపు స్నానాలు ఒకప్పటి సూర్యలంక. విమానాలెక్కి దూరాలు పోలేని ఆ రెండేళ్ల తర్వాత కారేసుకుని శని, ఆదివారాలకు రావడం అలవాటయింది. రామాపురం, వాడరేవు వైపు ప్రైవేటు రిసార్టులు బారులు తీరాయి. 2024 చివర్లో రాష్ట్రం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025లో కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 కింద సూర్యలంకకు సుమారు 97 కోట్లు ఇచ్చింది. సంతోషమే. కాని ఆ గదులు సోమవారం ఖాళీ, మంగళవారం ఖాళీ. అలల్లో జనం మునిగిపోయిన ప్రమాదాల తర్వాత తీరం మూసిన రోజులూ ఉన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. పోటు నీరు ఎక్కే గీత నుంచి, జనసాంద్రత తక్కువున్న చోట రెండు వందల మీటర్ల దాకా కట్టవద్దని తీర నియంత్రణ నిబంధనలు ఊరికే చెప్పలేదు.

ఒక్క వర్తకం కోసం కట్టిన మోటుపల్లి, ఒక్క దారి కోసం కట్టిన కాలువ గట్టు, ఒక్క కల కోసం సేకరించిన వాన్‌పిక్ ఎకరాలు ఏమయ్యాయో చూశాం. వారాంతపు సందర్శకుడి కోసం మాత్రమే ఇసుక మీద కట్టే గదిని నేను ఆ వరుసలోనే వేస్తాను. ఒడ్డున కావలసినవి మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, గజ ఈతగాళ్లు, నీడ, తుఫాను హెచ్చరిక రాగానే ఊడదీసి పట్టుకుపోగలిగే కొట్లు. మంచాలున్న గదులు బాపట్లలో ఉండాలి. అక్కడైతే మంగళవారం ఆ గదిలో కాలేజీ పిల్లవాడి తండ్రి దిగుతాడు, కలెక్టరేటు పని మీద వచ్చినవాడు దిగుతాడు, పెళ్లిళ్ల సీజన్లో చుట్టాలు దిగుతారు.

మున్సిపాలిటీ చేయగలిగింది చిన్నదే: కొట్టును బసగా, బసను పనిగదిగా మార్చుకోవడానికి అనుమతి వారంలో ఇవ్వడం, షట్టరు దించి ఉన్నన్నాళ్లూ పన్నులో కొంత వదలడం. చదువరులు చేయగలిగింది ఇంకా చిన్నది. సూర్యలంక బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లే. ఈసారి వెళ్తే భావనారాయణస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో గది తీసుకోండి, అక్కడి హోటల్లోనే తినండి, తెల్లవారుజామున ఆటోలో సముద్రానికి వెళ్లిరండి.